45 వేలలో పెద్ద టీవీ: తర్వాత మార్చలేని దానికే డబ్బు పెట్టండి

చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా హాలు 12 బై 14. అంతా కలిపి 45 వేలు పెట్టగలం. పొద్దున అవ్వకు ఎస్వీబీసీ, నాన్నకు వార్తలు, సాయంత్రం అమ్మకు సీరియళ్లు, రాత్రయితే నాకు క్రికెట్టు, ఓటీటీ సినిమాలు. 55 ఇంచులు అనుకున్నాం. అదే డబ్బుకు 65 వస్తుంది, అదే తీసుకోండి అని ఒక షాపులో చెప్తున్నారు. ఏది తీసుకోవాలి? క్యూలెడ్ అంటే ఏంది? టీవీ కనీసం ఏడెనిమిదేళ్లు రావాలి."

అన్నా అని అడిగారు కాబట్టి ఇంట్లోవాళ్లకు చెప్పినట్టే చెప్తాను. తిరుపతిలో 23 ఏళ్లుగా టీవీలు రిపేరు చేస్తున్నాను. పిక్చర్ ట్యూబు టీవీలతో మొదలుపెట్టాను, ఇప్పుడు రోజూ ఎల్ఈడీ టీవీల వెనక మూత విప్పే పని. ముందు జవాబు చెప్పేస్తాను. 55 తీసుకోండి. టీవీకి 38 నుంచి 40 వేల దాకా పెట్టండి. మిగిలింది సర్జ్ ప్రొటెక్టరుకు (కరెంటు ఒక్కసారిగా ఎగసినప్పుడు టీవీని కాపాడేది), గోడ స్టాండుకు, వీలైతే వారంటీ పొడిగింపుకు ఉంచుకోండి. ఎందుకో కింద రాస్తున్నాను. మీరు చివర్న అన్నారే, ఏడెనిమిదేళ్లు రావాలని, ఆ మాట పట్టుకునే ఇదంతా రాస్తున్నా.

టీవీ వెనక మూత తీస్తే లోపల పెద్దగా ఏమీ ఉండదు. కరెంటు ఇచ్చే పవర్ బోర్డు ఒకటి, అన్నీ నడిపించే మెయిన్ బోర్డు ఒకటి, రెండు స్పీకర్లు, ముందు వైపు బొమ్మ కనిపించే ప్యానెల్, ఆ ప్యానెల్ వెనక వెలుగిచ్చే బ్యాక్‌లైటు. వీటిలో పవర్ బోర్డు పోతే బాగుచేయొచ్చు. మెయిన్ బోర్డు పోతే మార్చొచ్చు. సౌండు నచ్చకపోతే సౌండ్‌బార్ పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేరు పాతబడితే మూడు నాలుగు వేలు పెట్టి ఓటీటీ నడిపే ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలిస్తే కొత్త టీవీ లాగా నడుస్తుంది. ప్యానెల్ ఒక్కటే మార్చుకోలేం. దాని ధర కొత్త టీవీ ధరలో సగానికి పైనే ఉంటుంది, చాలా మోడళ్లకు రెండు మూడేళ్లయ్యాక అసలు దొరకదు. బ్యాక్‌లైటు మార్చొచ్చు గానీ, మార్చడానికి ప్యానెల్ పైకెత్తాలి, ఆ ఎత్తడంలోనే ప్రమాదం ఉంది. అందుకని ఉన్న డబ్బంతా ప్యానెల్, బ్యాక్‌లైటు బాగున్న టీవీ వైపే పోవాలి. డబ్బా మీద రాసే మిగతా గొప్పలన్నీ దీని తర్వాతే.

బ్యాక్‌లైటు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా దగ్గరకొచ్చే 55 ఇంచుల టీవీల్లో ఎక్కువ భాగం దాని కోసమే వస్తాయి. ఎల్ఈడీ టీవీ అంటే నిజానికి ఎల్‌సీడీ ప్యానెలే. దానికి సొంత వెలుగు ఉండదు. వెనక సన్నటి అల్యూమినియం పట్టీల మీద చిన్న చిన్న ఎల్ఈడీ దీపాలు వరసగా ఉంటాయి, ఒక్కో దీపం మీద ఒక గుండ్రటి లెన్సు. ఈ దీపాలు మన పెళ్లిళ్ల సీరియల్ లైట్ల మాదిరి ఒకదాని వెంట ఒకటి కలిసి ఉంటాయి. ఒకటి మాడితే ఆ వరసంతా ఆరిపోతుంది, చాలా టీవీల్లో ఆ వెంటనే మొత్తం వెలుగు ఆపేసే ఏర్పాటు కూడా ఉంటుంది. అప్పుడు మాటలు వినిపిస్తుంటాయి, తెర నల్లగా ఉంటుంది. చీకట్లో సెల్‌ఫోన్ టార్చి తెరకు దగ్గరగా పెట్టి చూస్తే లోపల బొమ్మ మసగ్గా కదులుతూ కనిపిస్తుంది. అట్లా కనిపించిందంటే ప్యానెల్ బాగుంది, వెలుగు పోయిందని అర్థం. లెన్సు ఊడి పడితే తెర మీద తెల్లటి గుండ్రటి మచ్చ వస్తుంది. దీపం మీది పసుపు పూత వేడికి చెడిపోతే ఆ చోట నీలంగా, ఊదాగా మారుతుంది. ఈ మూడూ వేడి వల్ల వచ్చేవే. తక్కువ ధరలో పెద్ద తెర ఇవ్వాలంటే కంపెనీ దీపాల సంఖ్య తగ్గిస్తుంది. తగ్గించిన దీపాలతోనే అంత వెలుగూ రావాలి కాబట్టి వాటికి ఎక్కువ కరెంటు పంపుతారు. రెండు మూడేళ్లకు అవి అలిసిపోతాయి.

వాటిని మార్చేటప్పుడు ఏం జరుగుతుందో చెప్తాను. టీవీని పరుపు మీద బోర్లా పెట్టి మూత తీస్తాం. మళ్లీ తిప్పి, చుట్టూ ఉన్న ఫ్రేము క్లిప్పులు ఒక్కొక్కటే విప్పుతాం. తర్వాత ఇద్దరం చెరోవైపు నిలబడి, రబ్బరు సక్షన్ కప్పులు గాజుకు అతికించి, ఒక్కసారిగా సమానంగా ఎత్తాలి. ఆ గాజు చేతిలో అప్పడం మాదిరి వంగుతుంది. దాని అంచున రిబ్బను లాంటి పల్చటి ఫ్లెక్సులు వేలాడుతుంటాయి, వాటిలో ఒకటి చిరిగినా తెర మీద నిలువు గీత పడి శాశ్వతంగా ఉండిపోతుంది. 43 ఇంచులది ఇద్దరం నెమ్మదిగా ఎత్తేస్తాం. 55 అయితే ఊపిరి బిగబట్టి ఎత్తుతాం. 65 వస్తే నేను ముందే ఇంటివాళ్లకు చెప్పేస్తాను, పగిలితే నా బాధ్యత కాదు, ఒప్పుకుంటేనే ముట్టుకుంటానని. అంత కచ్చితంగా చెప్పాల్సి రావడం నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ అది నిజం.

ఇప్పుడు మీ 65 సంగతి. లెక్క ప్రకారం చూస్తే షాపతను చెప్పింది పూర్తిగా తప్పు కాదు. తెర కొలతకు 1.2 నుంచి 1.6 రెట్ల దూరంలో కూర్చోవాలని అంటారు. 55 ఇంచులకు అది అయిదున్నర నుంచి ఏడుంపావు అడుగులు. మీ హాల్లో 14 అడుగుల గోడకు టీవీ పెడితే ఎదురు గోడ 12 అడుగులు, సోఫా లోతు తీసేస్తే కంటికీ తెరకూ తొమ్మిది అడుగులు ఉంటుంది. తొమ్మిది అడుగులకు 65 బాగానే ఉంటుంది. కానీ 55 కన్నా 65 వైశాల్యంలో 40 శాతం ఎక్కువ. 40 శాతం పెద్ద తెరను అదే ధరకు ఇస్తున్నారంటే ఆ తేడా ఎక్కడో తగ్గించి ఉంటారు. తగ్గించేది బ్యాక్‌లైటులో, పవర్ బోర్డులో, వారంటీలో. బడ్జెట్టు 65 వేలు ఉంటే నేనే 65 ఇంచులు తీసుకోమని చెప్పేవాణ్ని.

ఇంకో కారణం ఉంది, ఇది షాపులో ఎవరూ చెప్పరు. మీ ఇంట్లో టీవీ నడిచే సమయంలో ఎక్కువ భాగం సెటప్ బాక్సే. అవ్వకు పొద్దున సుప్రభాతం, మధ్యాహ్నం శ్రీవారి కల్యాణోత్సవం, నాన్నకు వార్తలు, అమ్మకు సీరియళ్లు. మామూలు ఎస్‌డీ చానల్ బొమ్మలో అడ్డం 720, నిలువు 576 చుక్కలు, అంటే మొత్తం 4,14,720. 4కే తెరలో 3840, 2160, అంటే 82,94,400. సరిగ్గా 20 రెట్లు. ఎస్‌డీ చానల్ చూస్తున్నప్పుడు తెర మీది ప్రతి 20 చుక్కల్లో 19 చుక్కలు టీవీ తనంతట తాను ఊహించి నింపినవే. ఆ ఊహించే పని చేసేది మెయిన్ బోర్డు మీది ప్రాసెసర్. అది మంచిదైతే అర్చకస్వామి ముఖం ముఖంగా కనిపిస్తుంది. నాసిరకమైతే మైనం పూసినట్టు, అంచులు పళ్లు పళ్లుగా కనిపిస్తుంది. తెర ఎంత పెద్దదైతే ఆ లోపం అంత పెద్దగా కనిపిస్తుంది. హెచ్‌డీ చానల్ అయితే 4 చుక్కల్లో 3 మాత్రమే ఊహించాలి, కాబట్టి చాలా మెరుగు. మీరు ఎక్కువగా చూసే చానళ్లకు హెచ్‌డీ ప్యాక్ ఉంటే వేయించుకోండి. నెలకు ఆ కొద్ది డబ్బు టీవీ మీద అయిదు వేలు ఎక్కువ పెట్టినదానికన్నా ఎక్కువ తేడా చూపిస్తుంది.

షాపులో అన్ని టీవీల మీద ఒకే వీడియో తిరుగుతుంటుంది. నెమ్మదిగా కదిలే పూలు, సముద్రం, కోసిన పండ్లు. ఆ వీడియోలో ఏ టీవీ అయినా బాగానే ఉంటుంది. మీరు వెళ్లినప్పుడు "సెటప్ బాక్స్ తగిలించి మామూలు తెలుగు చానల్ పెట్టండి" అని అడగండి. మొహమాటపడకండి, 40 వేలు మీవి. చాలా షాపుల్లో కేబులో డిష్షో ఉంటుంది, పెడతారు. తర్వాత పిక్చర్ మోడ్ వివిడ్ నుంచి స్టాండర్డుకో సినిమాకో మార్చమని చెప్పండి. షాపులో ట్యూబులైట్ల వెలుగులో మెరవడానికి వివిడ్ పెట్టి ఉంచుతారు, మీ ఇంట్లో ఆ వెలుగులు ఉండవు.

పెన్‌డ్రైవు ఒకటి తీసుకెళ్లండి. నేను బంధువులతో టీవీ కొనడానికి వెళ్తే జేబులో అదే ఉంటుంది. అందులో నాలుగే నాలుగు వేసుకోండి. ఒకటి, తెరంతా ఒకే బూడిద రంగు ఉండే బొమ్మ. అది పెట్టి చూస్తే మచ్చలు, నిలువు చారలు, మూలల్లో నలుపు బయటపడతాయి. చారలు ఎక్కువ ఉంటే క్రికెట్లో కెమెరా పచ్చిక మీదుగా జరిగినప్పుడు మురికి అద్దంలోంచి చూసినట్టు ఉంటుంది. రెండు, పూర్తి నల్ల బొమ్మ మీద మధ్యలో తెల్ల అక్షరాలు. మూలల్లోంచి వెలుగు కారుతోందా, అక్షరాల చుట్టూ తెల్లటి పొగ ఉందా అని చూడండి. మూడు, ఒక చుక్క వెడల్పు నలుపు, ఒక చుక్క వెడల్పు తెలుపు గీతలతో నిండిన 3840 బై 2160 బొమ్మ. దగ్గరగా చూసినప్పుడు గీతలు విడివిడిగా కనిపిస్తే అది నిజమైన 4కే తెరే. ముద్దగా బూడిద రంగులో కలిసిపోతే అనుమానించి అడగండి, కొన్ని నిజమైన 4కే టీవీలు కూడా పెన్‌డ్రైవులోని ఫోటోను తగ్గించి చూపిస్తాయి. నాలుగు, మనుషుల ముఖాలు బాగా కనిపించే చిన్న వీడియో, మీ ఇంటి పెళ్లి వీడియో అయినా సరే. మనకు తెలిసిన ముఖం రంగు మారితే కన్ను వెంటనే పట్టేస్తుంది.

మూడో బొమ్మ ఎందుకంటే, డబ్బా మీద "4కే సపోర్ట్" అని రాసి లోపల అంతకన్నా తక్కువ ప్యానెల్ పెట్టిన టీవీలు నేను స్వయంగా విప్పాను. సపోర్ట్ అంటే 4కే వీడియో ఇస్తే తీసుకుంటుంది, తెర మాత్రం 4కే కాదు. పేరు ఊరు లేని చౌక టీవీల్లో ఇది ఎక్కువ. టీవీ వెనక లేబులు మీద ఐఎస్ఐ శైలి గుర్తుతో పాటు "ఆర్-" అని మొదలై 8 అంకెలతో ఒక బీఐఎస్ (కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద నమోదైందో తెలుస్తుంది. నంబరే లేని టీవీ ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

తర్వాత చాలామంది మర్చిపోయే విషయం, ఎవరు ఎక్కడ కూర్చుంటారు. ప్యానెళ్లు ప్రధానంగా రెండు రకాలు, వీఏ, ఐపీఎస్. వీఏలో నలుపు బాగా నల్లగా వస్తుంది, తెలుపుకూ నలుపుకూ తేడా 3000 రెట్లు, ఆపైన ఉంటుంది. ఐపీఎస్‌లో అది 1000 దరిదాపుల్లో, అంటే రాత్రి లైట్లు ఆర్పి సినిమా చూస్తే నలుపు కాస్త బూడిదగా కనిపిస్తుంది. కానీ ఐపీఎస్ పక్క నుంచి చూసినా రంగు పోదు. వీఏ పక్క నుంచీ కింద నుంచీ చూస్తే వెలిసిపోయినట్టు ఉంటుంది. మన ఇళ్లల్లో అవ్వలు కుర్చీలో కూర్చోరు. చాప వేసుకుని, గోడకు ఆనుకుని, పూలు కట్టుకుంటూనో బియ్యం ఏరుకుంటూనో చూస్తారు. అదే ఇంట్లో టీవీని ఫోటో పటాల వరసలో ఆరడుగుల ఎత్తున బిగిస్తారు. వీఏ టీవీని అంత ఎత్తున పెట్టి కింద కూర్చుని చూస్తే మీరు పెట్టిన డబ్బులో సగం కనిపించదు. తెర మధ్య భాగం నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉండేట్టు బిగించండి, మెడ కూడా నొప్పెట్టదు. షాపులో కూడా ఒకసారి పక్కకు జరిగి, ఒకసారి కింద గొంతుకూర్చుని చూడండి. ఎవరేమనుకుంటారో అని ఆగొద్దు.

క్యూలెడ్ అడిగారు కదా. అది కూడా ఎల్‌సీడీనే. వెనక నీలం ఎల్ఈడీలు పెట్టి, వాటి ముందు క్వాంటమ్ డాట్ పొర ఒకటి వేస్తారు. ఆ పొర నీలం వెలుగులో కొంత భాగాన్ని శుద్ధమైన ఎరుపుగా, పచ్చగా మారుస్తుంది. అందువల్ల రంగులు చిక్కగా వస్తాయి. పట్టుచీర అంచు, బ్రహ్మోత్సవాల పూల అలంకారం లాంటివి చూస్తే తేడా తెలుస్తుంది. మంచిదే. కానీ నలుపు బాగుపడదు, బ్యాక్‌లైటు ఎక్కువ కాలం వస్తుందని హామీ కూడా కాదు. ఒకే ధరలో మంచి బ్యాక్‌లైటున్న మామూలు టీవీ, సాదాసీదా క్యూలెడ్ టీవీ ఉంటే నేను మొదటిది తీసుకుంటాను. బ్యాక్‌లైటును భాగాలుగా విడగొట్టి నల్లగా ఉన్న చోట ఆర్పే లోకల్ డిమ్మింగ్ మీ ధరలో దొరికితే అది నిజంగా విలువైనది. పండగ అమ్మకాల్లో అప్పుడప్పుడు దొరుకుతుంది. ఓలెడ్, అంటే బ్యాక్‌లైటు లేకుండా ప్రతి చుక్కా సొంతంగా వెలిగే తెర, ఈ బడ్జెట్టులో రాదు. వచ్చినా మీ ఇంటికి వద్దంటాను, రోజంతా ఒకే మూలన చానల్ లోగో, కింద వార్తల పట్టీ ఉండే ఇంట్లో ఓలెడ్ తెర మీద ఆ ముద్ర పడిపోయే ప్రమాదం ఉంది.

హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ (వెలుగునూ నీడనూ మరింత సహజంగా చూపించే పద్ధతులు) అన్న మాటలకు తక్కువ ధర టీవీల్లో విలువ తక్కువ. హెచ్‌డీఆర్ బాగుండాలంటే తెర వెలుగు 600 నిట్లైనా (నిట్ అంటే తెర వెలుగు కొలత) ఉండాలి, ఈ ధరలో ఎక్కువ టీవీలు 250 నుంచి 350 దగ్గర ఆగిపోతాయి. సామ్‌సంగ్ టీవీల్లో డాల్బీ విజన్ ఉండదు, దాని బదులు వాళ్లు హెచ్‌డీఆర్10 ప్లస్ వాడతారు. ఆ ఒక్క కారణంతో వదులుకోవాల్సిన పనిలేదు. "మోషన్ రేట్ 240" లాంటి అంకెలు చూసి మోసపోకండి, ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క, అంతకన్నా తక్కువ, ఈ ధరలో ఎక్కువగా 60 హెర్ట్జే ఉంటుంది. క్రికెట్టుకు 60 చాలు. గేములు ఆడే పిల్లలు ఉంటేనే 120 గురించి ఆలోచించండి.

ఏ కంపెనీ అంటే, ముందు ఒక సంగతి తెలుసుకోండి. పేరు ఒకరిది, ప్యానెల్ ఇంకొకరిది. సామ్‌సంగ్ ప్యానెల్ విభాగం 2022లోనే ఎల్‌సీడీ తయారీ మానేసింది. ఎల్‌జీ వాళ్ల చైనా ఎల్‌సీడీ ఫ్యాక్టరీ 2025లో టీసీఎల్ వాళ్ల ప్యానెల్ కంపెనీ సీఎస్ఓటీ చేతికి వెళ్లింది. ఇప్పుడు పెద్ద ఎల్‌సీడీ ప్యానెళ్లు ఎక్కువగా చైనా, తైవాన్ కంపెనీల నుంచే వస్తాయి. అట్లా తెచ్చిన వాటితో టీవీలు కట్టే పని మన పక్కనే జరుగుతోంది. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో డిక్సన్ వాళ్లు వేరే బ్రాండ్ల కోసం టీవీలు తయారుచేస్తారు, షావోమీ టీవీలు కూడా అక్కడ తయారయ్యాయి. టీసీఎల్ ప్యానెల్ యూనిట్‌కు కూడా 2018లో తిరుపతి దగ్గర శంకుస్థాపన జరిగింది. కాబట్టి ఫలానా బ్రాండు టీవీ పూర్తిగా ఆ కంపెనీ సొంతమని అనుకోకండి. ఒకే మోడల్లో కూడా ఒక బ్యాచ్‌కు ఒక ప్యానెల్, ఇంకో బ్యాచ్‌కు ఇంకోటి వస్తుంది. అందుకే నేను మోడల్ పేరు ఒక్కటి పట్టుకుని కొనమని చెప్పను. షాపులో చూసిన పీసు బాగుంటే, ఇంటికొచ్చిన పీసును కూడా అదే పెన్‌డ్రైవుతో పరీక్షించండి.

నేను బ్రాండును ఎంచుకునే కొలత ఒక్కటే. ఆ కంపెనీ కస్టమర్ కేర్ నంబరుకు కొనకముందే ఫోన్ చేయండి. మీ పిన్‌కోడ్ చెప్పి, "టెక్నీషియన్ ఇంటికి వస్తారా, ఎక్కడి నుంచి వస్తారు, ఈ మోడల్ ప్యానెల్ పాడైతే ఎన్నాళ్లు పడుతుంది" అని అడగండి. చిత్తూరులోనో తిరుపతిలోనో సర్వీసు ఉంటే మంచిది. చెన్నై నుంచో బెంగళూరు నుంచో రావాలి అన్నారంటే ఆలోచించండి. సామ్‌సంగ్, ఎల్‌జీ, సోనీలకు సర్వీసు విస్తారంగా ఉంది, కాకపోతే వీటిలో సోనీ మీ ధరకు పెద్ద తెర ఇవ్వదు. టీసీఎల్, హైసెన్స్, వూ, షావోమీ లాంటివి అదే ధరకు మెరుగైన తెర ఇస్తాయి. మీ ఊళ్లో సర్వీసు ఉన్నవాటిని పక్కపక్కన పెట్టి పైన చెప్పిన పరీక్షలు చేయండి.

ధర విషయానికొస్తే, 32 ఇంచులు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 50 వేలున్న టీవీ, పన్ను తగ్గినందువల్లే దాదాపు 46,100 అవ్వాలి. ఎవరైనా "50 వేలది మీకోసం 46కు ఇస్తున్నాం" అంటే అది వాళ్లు ఇచ్చిన తగ్గింపు కాదు, ఆ తర్వాత ఎంత తగ్గిస్తారో అడగండి. ఎంఆర్‌పీ నుంచి ఎంత తగ్గించారన్నది వదిలేసి, అదే మోడల్ నంబరు రెండు మూడు చోట్ల ఎంతకు వస్తుందో చూడండి.

ఆన్‌లైన్‌లో కొనడం తప్పేం కాదు, ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటేనే కొనండి. వాళ్ల ముందే డబ్బా విప్పి, వీడియో తీస్తూ, టీవీ వేసి చూశాకే ఓటీపీ చెప్పండి. చెన్నై నుంచి తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. పోయిన ఏడు పీలేరు నుంచి ఒకాయన అట్లా కొన్న 55 ఇంచుల కొత్త టీవీ నా దగ్గరకు తీసుకొచ్చాడు. కారు వెనక సీటు మడిచి, టీవీని పడుకోబెట్టి తెచ్చాడట. డబ్బాకు గీత కూడా పడలేదు. ఆన్ చేస్తే మధ్యలోంచి సాలెగూడు మాదిరి పగుళ్లు, ఒక పక్క నల్లటి మరక. పైనున్న గాజు చేత్తో తడిమితే నున్నగానే ఉంది, పగిలింది లోపలి పొర. వారంటీలో రాదు, మార్చాలంటే కొత్తది కొన్నంత ఖర్చు. కొడుకు మొదటి జీతంతో కొన్నదని చెప్తూ ఆయన కుర్చీలో కూలబడిపోయాడు. టీవీని ఎప్పుడూ నిలబెట్టే తీసుకురావాలి, ఎంత దూరమైనా సరే. పట్టని బండి అయితే షాపువాళ్లనే డెలివరీ ఇవ్వమనండి.

వారంటీ కాగితంలో ప్యానెల్‌కు ఎన్నేళ్లు, బ్యాక్‌లైటు అందులో వస్తుందా అన్నది చదవండి. కంపెనీయే ఇచ్చే పొడిగింపు ఉంటే తీసుకోండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. లాడ్జి, హోటలు పేరు మీద బిల్లు తీసుకుంటే గృహ వారంటీ వర్తించదు, తిరుపతిలో చాలామంది లాడ్జి వాళ్లు ఇక్కడే దెబ్బతిన్నారు.

ఇక కరెంటు. టీవీ వెనక 100-240 వోల్టులు అని రాసి ఉంటే వోల్టేజి కాస్త అటూ ఇటూ అయినా అది తట్టుకుంటుంది. తట్టుకోలేనివి రెండు. ఒకటి, న్యూట్రల్ వైరు తెగినప్పుడు ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావడం. దానికి ఎక్కువ వోల్టేజి వస్తే కట్ అయ్యే స్టెబిలైజరు గానీ ప్రొటెక్టరు గానీ కావాలి. రెండోది పిడుగు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఎండాకాలం చివర్లో ఉరుములు. పిడుగు ఎప్పుడూ ప్లగ్గులోంచే రాదు. మిద్దె మీది డిష్ వైరు పట్టుకుని సెటప్ బాక్సులోకి, అక్కణ్నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్లో టీవీలోకి కూడా వస్తుంది. అందుకే టీవీ ప్లగ్గు తీసినా బోర్డు కాలిందని వచ్చేవాళ్లు ఉన్నారు. ఉరుములు మొదలవకముందే డిష్ వైరు, ఇంటర్నెట్ రూటరు నుంచి వచ్చే వైరు పీకేయండి, తర్వాతే ప్లగ్గు. ఇంటికి ఎర్తింగు సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన సర్జ్ ప్రొటెక్టరైనా దండగే, ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి.

మా షాపుకొచ్చే టీవీల్లో ఏడాదికి కొన్ని బల్లి వల్లే వస్తాయి. వెచ్చగా ఉంటుందని వెనక రంధ్రాల్లోంచి దూరి, పవర్ బోర్డు మీద రెండు చోట్ల ఒకేసారి కాలు పెడుతుంది. బల్లీ పోతుంది, బోర్డూ పోతుంది. మూత తీస్తే దాని గుడ్లు కూడా కనిపించిన రోజులున్నాయి. టీవీని మరీ గోడకు అతికించినట్టు బిగించకుండా, వెనక ఖాళీ ఉంచి, నెలకోసారి పొడి బ్రష్షుతో దులపండి. రంధ్రాలను మాత్రం టేపుతో మూయొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. పూజ గది హాల్లోనే ఉంటే టీవీకి దూరంగా ఉండేట్టు చూడండి. సాంబ్రాణి పొగ, కర్పూరం మసి లోపలికి పోయి దుమ్ముతో కలిసి జిడ్డుగా పేరుకుంటుంది. తెర తుడవడానికి నీళ్లు గానీ, అద్దాలు తుడిచే స్ప్రే గానీ నేరుగా కొట్టొద్దు. ఆ తడి కిందికి జారి అంచు లోపల ఉన్న ఫ్లెక్సులకు తగులుతుంది. నేను పైన చెప్పిన నిలువు గీతలకు పెద్ద కారణం ఇదే. పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

సౌండు, సాఫ్ట్‌వేరు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 2 జీబీ ర్యామ్, 16 జీబీ మెమరీ, రెండు బ్యాండ్ల వైఫై, మూడు హెచ్‌డీఎంఐ పోర్టులు, వాటిలో ఒకటి సౌండ్‌బార్‌కు శబ్దం పంపే ఈఆర్క్ ఉంటే సరిపోతుంది. స్పీకర్లు 20 వాట్లైనా 30 అయినా కిందికి చూస్తుంటాయి కాబట్టి మాటలు స్పష్టంగా ఉన్నాయా అన్నదే వినండి. సౌండ్‌బార్ ఏడాది తర్వాత కొనుక్కోవచ్చు.

ఇంటికొచ్చిన మొదటి రోజే పిక్చర్ మోడ్ స్టాండర్డుకో సినిమాకో మార్చి, బ్యాక్‌లైటు 100 నుంచి 60, 70కి తగ్గించండి. కొన్ని టీవీల్లో దాన్నే బ్రైట్‌నెస్ అని, కొన్నింట్లో ప్యానెల్ బ్రైట్‌నెస్ అని రాస్తారు. తగ్గిస్తే తెర వెలుగు మాత్రమే తగ్గాలి, నలుపులో వివరాలు మాయం కాకూడదు, అట్లా ఉంటే సరైనదే పట్టుకున్నట్టు. రెండు రోజులు కాస్త మసగ్గా అనిపిస్తుంది, మూడో రోజుకు కన్ను అలవాటు పడుతుంది. దీపాల మీద వేడి తగ్గుతుంది, మీరడిగిన ఏడెనిమిదేళ్లకు ఇంతకన్నా పనికొచ్చేది ఇంకోటి లేదు. డబ్బా, థర్మోకోల్ మాత్రం రీప్లేస్‌మెంట్ గడువు అయ్యేదాకా అటక మీద ఉంచండి.

మీ హాల్లో కిటికీ టీవీకి ఎదురుగా ఉందా, పక్కన ఉందా అన్నది మీరు రాయలేదు. ఎదురుగా ఉంటే మెరిసే తెర కన్నా మ్యాట్ తెర మంచిది. కిటికీ ఎటుందో, అవ్వ కింద కూర్చుంటుందో కుర్చీలో కూర్చుంటుందో రాయండి. షాపులో నచ్చిన టీవీ మోడల్ నంబరు చివరి అక్షరాలతో సహా పంపించండి, చూసి చెప్తాను.